గల్తా రందా

కొల్లాపూర్ల పాతసామాన్ల మదార్ దుకాణంల
తూకానికి కొన్న.
ఇనుము ఒక దిక్కు, కట్టె ఒక దిక్కు జోకి
నలభై రూపాయలన్నడు.
పొయ్యిలకన్న పనికొస్తదన్నడు.

పేరు లేదు.
కంపెనీ ముద్ర లేదు, సాలు లేదు,
వడ్లోళ్ళు తమ పనిముట్లకు గీసుకునే
అడ్డగీత గూడ లేదు.
నెత్తిమీద మాత్రం సుత్తె దెబ్బలు,
దినాం సీల ఊడగొట్టినోనివి,
ఒక్క జాగలనే, గుంతవడి.

కిరసనాయిలు పెట్టి తుడిచిన.
మకిలి కింద చండ్ర చేవ.
ఉలి ఒకప్పుడు ఆకురాయి:
వెనక్కి తిప్పితే
ఎంత అరగదీసినా పోని పండ్లు, చీమలబారు లెక్క.
కమ్మరోడు కాల్చి సాగగొట్టినా
పాత పని మర్వలేదు ఇనుము.

మోనాచారికి చూపెట్టిన. మోతిబిందు కండ్లు.
అడుగున బొటనవేలు పెట్టి గుంజి
"గల్తా రందా" అన్నడు.
"దర్వాజ అంచుకు. నడుమ గుండు, అటొకటి ఇటొకటి మెట్టు.
మేం ఒక్క మెట్టే తీస్తుంటిమి.
ఇది మా దిక్కుది గాదు.
ఏటివతలిది. లేకుంటే ఏట్లది."
ఏట్లది అంటే ఏందని
నేను అడుగలే.

టేకు ముక్క బిగిచ్చి ఒక్కసారి తోసిన.
పొట్టు చుట్టలు చుట్టుకొని పడ్డది.
గుండు లేచింది, రెండు మెట్లు లేచినయ్,
గుండు మీద వెంట్రుక మందాన
ఒక గీత గూడ లేచింది.
ఉలి అంచుకు నువ్వుగింజంత పెచ్చు పోయింది,
అక్కడ తెగక మిగిలిన కట్టె అది.

నేను రంగులేసేటోన్ని.
గీత కనవడితే లప్పం పెట్టి మూసుడే నా పని.
ఇప్పుడు ఆ గీత కోసం
జానెడు ముక్క జేబుల పెట్టుకొని గల్లీలు తిరిగిన.
కరెంటు బిల్లోడనుకున్నరు ఒకింట్ల.
ఇంకోకాడ పెండ్లి సంబంధానికొచ్చిన్ననుకొని
చాయ్ వోసిండ్రు, తాగిన.

పదకొండోనాడు మునక ఊర్లోళ్ళ కాలనీల
రేకుల ఇంటికి ఏనుగంత దర్వాజ,
రంగెరుగనిది.
ముక్క ఆనిచ్చిన. కూసున్నది.
గుండుకు గుండు, మెట్టుకు మెట్టు.
ఎడమ బాజుకు గీత ఉన్నది, కిందికెల్లి మీదిదాక.
కుడి బాజుకు లేదు.
ఫోన్ లైటు వేసి మల్లా చూసిన.
లేదు.

అంటే కుడిది అయినంక,
ఎడమది మొదలువెట్టంగనే
ఉలికి మొల తగిలింది.
ఒక బూతు తిట్టే ఉంటడు.
మరి ఆగి నూరుకోలేదేంది?

సవారమ్మ గడప మీద కూసొని చెప్పింది:
"నీళ్ళొస్తయని తెల్సినంకనే చేపిచ్చినం నాయినా.
మా మరిదిది మాది ఒక్కటే వాకిలి.
దర్వాజ ఉంటెనే ఇంకో ఇల్లు రాస్తమన్నరు సర్వే సార్లు.
పసుల కొట్టం దూలం కోసిచ్చినం, అంత మొలలే.
తెల్లారితే కొలతలు.
రాత్రంత కందీలు పట్టుకొని నేనే నిలవడ్డ.
నూరుకుంట అన్నడాయన.
యాల్ల లేదు, కానియ్ అన్న."

పేరేంది ఆయనది?

"పేరా..."
శానాసేపు చూసింది రోడ్డు దిక్కు.
"వడ్లాయన.
మూడు కుంచాల జొన్నలు బాకీ ఉంటిమి.
ఊరు లేచినప్పుడు ఎటు వోయిండో.
ఇయ్యలే."

సంచిలకెల్లి రందా తీసి చేతికిచ్చిన.
పట్టుకున్నది, వాసన చూసింది,
ఇంట్లకు వోయి చాట తెచ్చింది.
కుంచం లేదు ఇప్పుడు; డబ్బాతోని కొలుస్తున్నది,
ఒకటి, రెండు...
నాలుగోదానికి ఆగింది.
"నువ్వు వడ్లోనివి గాదు గదా?"
గాదవ్వా, రంగులేసేటోన్ని.
"అయితె నీకెందుకు"
అని జొన్నలు మల్లా బస్తాల వోసుకున్నది.

ఇంటికొచ్చి
ఉలి నూరుదామని సానరాయి తడిపిన.
మూడు దినాలాయె.
ఆరుతున్నది, తడుపుతున్న.